కంటైనర్ ఓడ ట్రిమ్ సర్దుబాటు: ఆదా ఎక్కడ దొరికింది, ఎక్కడ జారిపోయింది (కేస్ స్టడీ)

ఓడ ముందు భాగం, వెనక భాగం నీళ్లలో దిగే లోతుల మధ్య తేడాను ట్రిమ్ అంటారు. దాన్ని మార్చి ఇంధనం మిగల్చడం గురించి షిప్పింగ్ ఆఫీసుల్లో చాలా తేలిగ్గా మాట్లాడతారు. ఖర్చు లేదు, ఓడను నీళ్లలోంచి బయటికి తెచ్చే డ్రై డాక్ అక్కర్లేదు, కొత్త పరికరం కొనే పని లేదు, ఈ ట్యాంకులో నీళ్లు ఆ ట్యాంకులోకి పంపిస్తే చాలు అంటారు. ఓడల పనితీరు చూసుకోవడం నా ఉద్యోగం. ఒక ఓడ మీద ఈ పని మొదటి నుంచి చివరిదాకా చేశాం, ఆ వివరం ఇది. ముందే చెప్పేస్తాను: ట్రిమ్ వల్ల వచ్చే లాభం చాలావరకు లోడింగ్ ప్లాన్ వేసే దగ్గరే తేలిపోతుంది. ఓడ రేవు వదిలాక చేతిలో మిగిలేది ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకునే బాలాస్ట్ నీళ్లే. వాటితో సర్దబోతే వచ్చే లాభంలో కొంత ఆ నీళ్ల బరువే తినేస్తుంది.

ఓడ పేరు అనవసరం. 4,000 పైచిలుకు టీఈయూ (20 అడుగుల పెట్టె లెక్క) మోసే పాత పనామాక్స్ (పనామా కాలువ పాత లాకుల్లో పట్టే కొలత) కంటైనర్ ఓడ. పొడవు పెర్పెండిక్యులర్ల మధ్య (నీటి మట్టం దగ్గర ముందు కొస నుంచి చుక్కాని దాకా) 244 మీటర్లు, వెడల్పు 32.2 మీటర్లు. 24 నాట్స్ (గంటకు 24 నాటికల్ మైళ్లు) పైన పరుగెత్తడానికి కట్టారు. ఇప్పుడు ఎక్కువగా 17 నాట్స్ దగ్గర నడుస్తోంది. 11 మీటర్ల డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగిన లోతు) దగ్గర డిస్‌ప్లేస్‌మెంట్ (ఓడ మొత్తం బరువు) దాదాపు 55,000 టన్నులు. 17 నాట్స్‌లో షాఫ్ట్ పవర్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు మీది పవర్) 10,600 కిలోవాట్ల దగ్గర ఉంటుంది, మెయిన్ ఇంజన్ రోజుకు 45 టన్నుల ఇంధనం కాలుస్తుంది. ఈ వ్యాసంలో ఓడ అంకెలన్నీ గుండ్రం చేసి రాశాను.

పాత అలవాటు

రికార్డులు తిరగేస్తే ఒకటి కనిపించింది. ఏ రేవు నుంచి బయలుదేరినా ఈ ఓడ మీటరు అటూ ఇటుగా వెనక్కి వాలి ఉండేది. అంటే వెనక డ్రాఫ్ట్ ముందు డ్రాఫ్ట్ కన్నా మీటరు ఎక్కువ. ఓడ మీదివాళ్ల భాషలో 'బై స్టర్న్ ఒక మీటరు'. కార్గో ఎలా ఉన్నా, వేగం ఎంతయినా అంతే. కెప్టెన్లు మారినా అది మారలేదు.

ఎందుకని చీఫ్ ఆఫీసర్‌ని అడిగాను. "సార్, ఇంజన్ రూమ్ అడుగున నీళ్లు చేరే గుంటలు, బిల్జ్ వెల్స్, వెనకే ఉన్నాయి. బాలాస్ట్ ట్యాంకుల్లో నీళ్లు పీల్చే సక్షన్లూ వెనక చివరే. ఓడ ముందుకు వాలితే అడుగు నీళ్లు పంపుకి అందవు. ప్రొపెల్లర్ బాగా మునిగి ఉంటుంది, చుక్కాని మాట వింటుంది" అన్నాడు. ఇందులో తప్పేమీ లేదు. ట్యాంకుల్ని వెనక్కి వాలిన ఓడ కోసమే గీస్తారు. డెక్ మీద వాన నీళ్లు పోయే దారులు కూడా అలాగే ఉంటాయి. అయితే ఆయన చెప్పిన కారణాల్లో ఇంధనం ఊసే లేదు. పైగా కార్గో వల్ల ఆ మీటరు వాలు రాని రోజున, వెనక ట్యాంకుల్లో కొన్ని వందల టన్నుల బాలాస్ట్ నింపి మరీ దాన్ని తెచ్చుకునేవాళ్లు. అసలు విషయం అక్కడుంది, మళ్లీ చెబుతాను.

మీటరు వాలితే ఏమవుతుంది

ఈ ఓడకు ముందు భాగంలో నీటి మట్టానికి కింద పెద్ద బల్బ్ ఉంది. బల్బ్ తనే ఒక అల పుట్టిస్తుంది. ఓడ ముక్కు పుట్టించే అలను అది కొంత చెరిపేయాలన్నది డిజైనర్ ఉద్దేశం. ఆ రెండు అలలూ ఒకదానికొకటి ఎదురు పడేది డిజైన్ చేసిన వేగం దగ్గర, డిజైన్ చేసిన డ్రాఫ్ట్ దగ్గరే. 24.5 నాట్స్‌లో ఓడ వెంట సాగే అల పొడవు దాదాపు 100 మీటర్లు. 17 నాట్స్‌లో అది 50 మీటర్ల లోపే. అల పొడవు సగానికి పడిపోయాక పాత లెక్క ఎలా కుదురుతుంది? ఓడ పొడవుతో పోల్చి వేగాన్ని చెప్పే ఫ్రూడ్ నంబర్లో చూస్తే ఓడ 0.26 నుంచి 0.18కి దిగింది. ఇంత తక్కువలో అలల వల్ల వచ్చే నిరోధం చిన్న భాగమే, నీటి రాపిడే పెద్దది. అక్కడ బల్బ్ చేసే మేలు తక్కువ. అది నీటి మట్టానికి మరీ దగ్గరగా వచ్చి నీళ్లను పగలగొడుతుంటే మేలు పోయి నష్టం మొదలవుతుంది. ఓడ వెనక్కి వాలినప్పుడు సరిగ్గా జరిగేది ఇదే, ముందు భాగం లేచి బల్బ్ పైకి వస్తుంది.

రెండో చివర ట్రాన్సమ్ ఉంది, వెనక నిలువుగా కోసినట్టుండే పలక. అది నీళ్లలోకి దిగేకొద్దీ దాని వెనక సుడులు పెరుగుతాయి. వేగం ఎక్కువైతే నీళ్లు ట్రాన్సమ్ అంచు నుంచి శుభ్రంగా విడిపోతాయి, నెమ్మదిగా పోతే విడిపోవు. కాబట్టి దిగిన ట్రాన్సమ్ వల్ల నష్టం తక్కువ వేగంలోనే బాగా తెలుస్తుంది. వీటికి తోడు ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చే నీటి ప్రవాహం కూడా ట్రిమ్‌తో మారుతుంది. అందుకే నిరోధం ఒక్కటే చూస్తే సరిపోదు. షాఫ్ట్ మీద పవర్ ఎంత పడుతోందో చూడాలి.

తడిసే ఉపరితలం తగ్గడం వల్ల ఆదా వస్తుందని కొందరు అంటుంటారు. ఈ పరిధిలో ట్రిమ్ మారితే తడిసే ఉపరితలం పెద్దగా మారదు. తేడా ఎక్కువగా బల్బ్ దగ్గరా ట్రాన్సమ్ దగ్గరా వస్తుంది.

పట్టిక చెప్పింది ఇది

ఓడ యజమాని దగ్గర మోడల్ ట్యాంకులో చేయించిన ట్రిమ్ పట్టిక ఉంది. డ్రాఫ్ట్, వేగం, ట్రిమ్ ఇస్తే, ఈవెన్ కీల్‌తో (ముందూ వెనకా డ్రాఫ్ట్ సమానం) పోల్చి పవర్ ఎంత శాతం ఎక్కువో తక్కువో చెబుతుంది. 11 మీటర్లు, 17 నాట్స్ దగ్గర అది చెప్పింది ఇలా ఉంది. మీటరు వెనక వాలు నుంచి ఈవెన్ కీల్‌కి వస్తే పవర్ మూడున్నర శాతం తగ్గుతుంది. ఇంకా అరమీటరు ముందుకు వాలిస్తే మరో శాతం తగ్గుతుంది. అదే పట్టికలో 21 నాట్స్ గడి చూస్తే ముందుకు వాలడం నష్టం. అక్కడ ఈవెన్ కీల్ దగ్గరే ఆగాలి. తేలిక డ్రాఫ్ట్‌లో, 9 మీటర్ల దగ్గర, ప్రొపెల్లర్ మునక కోసం కాస్త వెనక వాలు ఉంచాలి. ఒకే ఓడకు ఒకే మంచి ట్రిమ్ ఉండదన్నమాట. గోడ మీద 'ఈ ఓడ ట్రిమ్ ఇంత' అని అంటించే కాగితాలు చాలా ఓడల్లో చూశాను. వాటిని చింపేయడం మంచిది.

పట్టిక వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ట్రిమ్ అంటే ఓడ నిలకడగా ఉన్నప్పటి ట్రిమ్. ఓడ కదలగానే చుట్టూ నీటి పీడనం మారి ముందూ వెనకా వేర్వేరుగా దిగుతాయి. డ్రాఫ్ట్ సెన్సర్లు పనిచేసేది ఆ పీడనంతోనే కాబట్టి నడుస్తున్న ఓడలో అవి చూపే అంకె నమ్మదగింది కాదు. బ్రిడ్జ్ మీద ఆ డిస్‌ప్లే చూసి నీళ్లు అటూ ఇటూ పంపితే లేని ట్రిమ్‌ని సరిచేసినట్టవుతుంది. మేం రేవులో డ్రాఫ్ట్ మార్కులు కంటితో చదివి, మధ్య మార్కు కూడా చూసి హాగ్ (ఓడ మధ్యలో పైకి వంగడం) ఎంతో లెక్కగట్టి, బరువుల్ని బట్టి ట్రిమ్ చెప్పే లోడింగ్ కంప్యూటర్‌ని దానికి సరిచూసుకున్నాం. సముద్రంలో నమ్మింది ఆ కంప్యూటర్‌నే.

కొలత: అసలు తలనొప్పి

పవర్ దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం కొలతలో ఒక శాతం తప్పు దొర్లితే పవర్ లెక్కలో మూడు శాతం తప్పు వస్తుంది. 17 నాట్స్‌లో ఒక శాతం అంటే 0.17 నాట్. నీళ్లలో ఓడ వేగం కొలిచే స్పీడ్ లాగ్‌లో అంత తేడా మామూలే. అంటే మనం వెతుకుతున్న లాభం మొత్తం లాగ్ తప్పులో దాక్కోగలదు. ఇక జీపీఎస్ వేగం నేలతో పోల్చి కొలిచేది, నీళ్లతో కాదు. అరనాట్ సముద్ర ప్రవాహం ఎదురొస్తే పవర్ లెక్క 9 శాతం దాకా తప్పుతుంది. ట్రిమ్ మార్చిన రోజు, మార్చని రోజు నూన్ రిపోర్టులు (ఓడ రోజూ మధ్యాహ్నం పంపే లెక్కలు) పక్కపక్కన పెట్టి 'ఐదు శాతం మిగిలింది' అని చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. గాలి, అలలు, ప్రవాహం, అడుగున పట్టిన నాచు, డిస్‌ప్లేస్‌మెంట్ అన్నీ మారి ఉంటాయి. రోజుకొక సగటు అంకెలో ట్రిమ్ కనపడదు.

మేం చేసింది ఇది. గాలి బోఫోర్ట్ కొలమానంలో 3 లోపు (తేలిక గాలి) ఉండి, లోతైన నీళ్లలో, మళ్లింపులు లేని మార్గం దొరికినప్పుడు మాత్రమే పరీక్ష పెట్టాం. ఆర్‌పీఎం స్థిరంగా ఉంచి, పాత ట్రిమ్‌లో కొంతసేపు, కొత్త ట్రిమ్‌లో కొంతసేపు, మళ్లీ పాత ట్రిమ్‌లో కొంతసేపు నడిపాం. మొదటి దశకీ మూడో దశకీ మధ్య తేడా ఉంటే అది వాతావరణం వల్లో ప్రవాహం వల్లో వచ్చింది. మధ్య దశ నుంచి దాని వాటా తీసేశాం. ఆ రెండు దశలూ బొత్తిగా కలవకపోతే ఆ పరీక్షను పక్కన పడేశాం. పవర్‌కి షాఫ్ట్ మీద టార్క్ మీటర్ (తిప్పే బలం కొలిచేది), ఇంధనానికి మాస్ ఫ్లో మీటర్, వేగానికి డాప్లర్ లాగ్. రికార్డింగ్ నిమిషాల లెక్కన. ఇంధనం మీటర్ కన్నా టార్క్ మీటర్‌నే ఎక్కువ నమ్మాం. ఇంధనం నాణ్యత, ఇంజన్ ట్యూనింగ్ లాంటివన్నీ ఫ్లో మీటర్ అంకెలో కలిసిపోతాయి. ట్రిమ్ ప్రభావం కనపడేది షాఫ్ట్ మీదే.

ఈ దశల మధ్య నీళ్లు మార్చడానికే గంటకు పైగా పడుతుంది. ఆ లోగా వాతావరణం మారకూడదని దణ్ణం పెట్టుకోవడం తప్ప చేసేదేం లేదు. బ్రిడ్జ్ మీద అందరికీ టెన్షనే.

ఆ మీటరును ఎలా తెచ్చాం

ఈ ఓడలో ట్రిమ్ ఒక సెంటీమీటరు మారాలంటే దాదాపు 1,000 టన్ను-మీటర్ల మొమెంట్ (బరువును దూరంతో గుణించిన అంకె) కావాలి. మీటరు మారాలంటే లక్ష. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, ఓడ ముందు కొసలో ఉండే ట్యాంకు, ఫోర్ పీక్‌లోకి సముద్రపు నీళ్లు తోడుకోవడం. ఓడ ఏ బిందువు మీద వాలుతుందో అక్కడి నుంచి ఫోర్ పీక్ దాదాపు 120 మీటర్ల దూరంలో ఉంది. 800 టన్నులు నింపితే 96,000 టన్ను-మీటర్లు వస్తాయి, పని అయినట్టే. అయితే ఓడ బరువు కూడా 800 టన్నులు పెరిగింది, అంటే దాదాపు ఒకటిన్నర శాతం. డిస్‌ప్లేస్‌మెంట్ పెరిగితే పవర్ దానికి మూడింట రెండొంతుల చొప్పున పెరుగుతుంది. మూడున్నర శాతం లాభంలో ఒక శాతం అప్పుడే పోయింది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. కంటైనర్ ఓడలు మామూలుగానే మధ్యలో పైకి వంగి, హాగింగ్‌లో నడుస్తాయి. చివర బరువు పెడితే ఆ వంపు పెరుగుతుంది. లోడింగ్ కంప్యూటర్‌లో బెండింగ్ మొమెంట్ (ఓడను వంచే బలం) అప్పటికే పరిమితి దగ్గరలో ఉంది. చీఫ్ ఆఫీసర్ వద్దన్నాడు. వద్దనాల్సిందే.

రెండోది, ఉన్న నీళ్లనే వెనక నుంచి ముందుకు మార్చడం. వెనక ట్యాంకుల మధ్యకూ ఫోర్ పీక్‌కూ దూరం 220 మీటర్ల దాకా ఉంది. 450 టన్నులు మారిస్తే దాదాపు లక్ష టన్ను-మీటర్లు. బరువు పెరగలేదు, కదిలించాల్సిన నీళ్లు దాదాపు సగం. నీళ్లు ఓడలోనే తిరుగుతాయి కాబట్టి బయటి నుంచి తోడడం, వాటిని శుద్ధి చేసే ట్రీట్‌మెంట్ ప్లాంటు నడపడం ఉండదు. పరీక్షకు ఈ దారే ఎంచుకున్నాం. సగం నిండిన ట్యాంకుల్లో నీళ్లు పొర్లడం వల్ల జీఎం (ఓడ స్థిరత్వం కొలత) ఎంత తగ్గుతుందో, షియర్ ఫోర్స్ (ఓడను అడ్డంగా కోసే బలం) ఎలా మారుతుందో ప్రతి దశకూ ముందే లెక్క చూసుకున్నాకే వాల్వు తెరిచాం.

వచ్చిన ఫలితం

ఈవెన్ కీల్ దగ్గర, అదే వేగానికి పవర్ సుమారు రెండున్నర శాతం తగ్గింది. పట్టిక మూడున్నర అంది. దిశ సరిపోయింది, మోతాదు తగ్గింది. పట్టికలోది ప్రశాంతమైన నీళ్లు, శుభ్రమైన అడుగు. సముద్రంలో ఈ రెండూ దొరకవు, కాబట్టి ఆ తేడా చూసి నేను కంగారు పడలేదు.

అరమీటరు ముందుకు వాలిస్తే మొత్తం లాభం మూడు శాతం దగ్గర ఆగిపోయింది. పట్టిక చెప్పిన నాలుగున్నర రాలేదు. కారణం చుక్కాని రికార్డులో దొరికింది. ముందుకు వాలిన ఓడ దారి మీద నిలవడానికి మొండికేస్తుంది, ఆటోపైలట్ మాటిమాటికీ చుక్కాని తిప్పుతోంది. తిప్పిన ప్రతిసారీ నీళ్లు అడ్డుతగులుతాయి. ఆటోపైలట్ సెట్టింగ్ సడలిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. పక్క అల కాస్త పెరగగానే ఆ మిగిలిన అర శాతం కూడా ఆవిరైంది. మోడల్ ట్యాంకులో ఓడను నేరుగా లాగుతారు, అక్కడ ఈ సమస్య కనిపించే అవకాశమే లేదు.

చీఫ్ ఇంజనీర్ ఫిర్యాదూ వచ్చింది. ముందు వాలులో బిల్జ్ నీళ్లు వెల్ దాకా రాక ఇంజన్ రూమ్ ముందు గోడ దగ్గర నిలిచాయి. పెద్ద ప్రమాదమేం కాదు. కానీ బిల్జ్ అలారం మోగాల్సిన చోట నీళ్లు లేకపోతే అలారం ఉండీ లేనట్టే. ఈ ఒక్క కారణం చాలు, ముందు వాలును పక్కన పెట్టడానికి.

అలా లక్ష్యం ఖరారైంది: 10.5 నుంచి 11.5 మీటర్ల మధ్య డ్రాఫ్ట్, 16 నుంచి 18 నాట్స్ వేగం ఉన్నప్పుడు ఈవెన్ కీల్, అటూ ఇటూ 20 సెంటీమీటర్లు. దీనికన్నా సన్నంగా చెబితే ఓడ మీద పాటించలేరు, కొలవలేరు కూడా.

లోడింగ్ ప్లాన్ దగ్గరికి

ఇప్పుడు మొదట్లో ఆపిన విషయం. వెనక ట్యాంకుల్లోని ఆ 450 టన్నులు అక్కడ ఎందుకున్నాయి? వెనక వాలు కోసం. డబుల్ బాటమ్‌లో, అంటే ఓడ అడుగు రెండు పొరల మధ్య ఉన్న బాలాస్ట్ వేరు. డెక్ మీద ఎత్తుగా పేర్చిన పెట్టెలకు స్థిరత్వం కావాలి కాబట్టి దాన్ని తాకలేం. వెనక ట్యాంకుల నీళ్లకు అలాంటి పని ఏదీ లేదు. కార్గోతోనే ఓడ ఈవెన్ కీల్‌కి వస్తే వాటిని అసలు మోయనే అక్కర్లేదు. 450 టన్నులు దించితే పవర్ ఇంకో అర శాతం తగ్గుతుంది. నీళ్లు మార్చి సాధించిన రెండున్నర, నీళ్లు మోయకపోతే మూడు అవుతుంది.

అందుకని ఒడ్డున స్టోవేజ్ ప్లాన్ (ఏ పెట్టె ఓడలో ఎక్కడో తేల్చేది) వేసే బృందంతో కూర్చున్నాం. వాళ్ల కష్టం తక్కువేం కాదు. ఏ రేవులో ఏ పెట్టె దిగాలి, రీఫర్ (శీతల పెట్టెల) ప్లగ్గులు ఎక్కడున్నాయి, ప్రమాదకర సరుకుల మధ్య ఎంత దూరం ఉండాలి, వరసకు బరువు పరిమితి ఎంత, క్రేన్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎన్ని బేలు (పెట్టెలు పేర్చే అడ్డు విభాగాలు) తెరవచ్చు, ఇవన్నీ చూసుకున్నాక ట్రిమ్ వాళ్లకు చివర్లో గుర్తొస్తుంది. మేం అడిగింది ఒకటే. ఒకే రేవులో దిగే పెట్టెల్లో బరువైనవి ఎటు పెట్టినా ఫరవాలేదనుకున్న చోట ముందు బేలలో పెట్టండి. ప్లాన్ ఓడకు పంపే ముందు బయలుదేరే ట్రిమ్ ఎంత వస్తుందో రాసి పంపండి. ముందు వైపు డెక్ మీద ఎన్ని వరసలు పేర్చవచ్చో బ్రిడ్జ్ నుంచి కనపడే దూరం నిర్ణయిస్తుంది. సముద్ర భద్రత ఒప్పందం సోలాస్ ఐదో అధ్యాయం ప్రకారం ఓడ ముక్కుకు ముందు కనపడని సముద్రం రెండు ఓడల పొడవును గానీ 500 మీటర్లను గానీ, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు. వెనక వాలు తగ్గితే ముక్కు దిగుతుంది కాబట్టి ఆ మరుగు కూడా కాస్త తగ్గింది. అనుకోని లాభం.

రెండో సర్దుబాటు ఇంధన ట్యాంకుల వరస. ఏ ట్యాంకు ముందు ఖాళీ చేయాలన్నది చీఫ్ ఇంజనీర్ తన వీలు చూసుకుని నిర్ణయించేవాడు. రోజుకు 45 టన్నులు వెనక ట్యాంకుల నుంచే తీస్తుంటే ఓడ నెమ్మదిగా ముందుకు వాలుతూ పోతుంది, ముందు ట్యాంకుల నుంచి తీస్తే వెనక్కి. బయలుదేరేటప్పుడు ఉన్న ట్రిమ్‌ని బట్టి ఆ వరస ఇప్పుడు చీఫ్ ఇంజనీర్, చీఫ్ ఆఫీసర్ ఇద్దరూ మాట్లాడుకుని రాసుకుంటున్నారు. బాలాస్ట్ ముట్టుకోకుండానే పది, పదిహేను సెంటీమీటర్లు ఇలా కలిసొస్తాయి.

లోతు తక్కువ నీళ్లలోకి వచ్చేముందు, పైలట్ ఎక్కేముందు, కెప్టెన్ కాస్త వెనక వాలు అడిగితే ఇస్తాం. అక్కడ చుక్కాని మాట వినడం ముఖ్యం. ఎదురు సముద్రం బాగా లేచినప్పుడూ అంతే. ముందు డెక్ మీదికి నీళ్లు ఎక్కుతుంటే రెండున్నర శాతం కోసం పెట్టెలు పోగొట్టుకోలేం. చివరి మాట ఎప్పుడూ కెప్టెన్‌దే అని వాయేజ్ ఆర్డర్లలో రాసి పెట్టాం.

లెక్క

17 నాట్స్‌లో మూడు శాతం అంటే రోజుకు 1.35 టన్నుల ఇంధనం. హెవీ ఫ్యూయల్‌కి అంతర్జాతీయ సముద్ర సంస్థ (ఐఎంఓ) లెక్క ప్రకారం టన్నుకు 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకు 4.2 టన్నులు. 2023 నుంచి సీఐఐ రేటింగ్ (ఓడ వదిలే కార్బన్‌ని బట్టి ఇచ్చే గ్రేడు) అమల్లో ఉంది. మూడేళ్లు వరసగా 'డి' గ్రేడు వచ్చినా, ఒక్క ఏడాది అన్నిటికన్నా కిందిదైన 'ఈ' (E) గ్రేడు వచ్చినా దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వాలి. ఐరోపా రేవులకు వెళ్లే ఓడలు 2024 నుంచి కార్బన్ కోటా కూడా కొనాలి. ఈ రెండింటి వల్లే ఆఫీసులో మా మాట వినేవాళ్లు పెరిగారు. ఇంధనం ధర ఒక్కటే అయితే ఇంత వినేవాళ్లు కాదనుకుంటాను.

అయినా ఈ మూడు శాతాన్ని దాని స్థానంలోనే చూడాలి. మైలుకు ఖర్చయ్యే ఇంధనం వేగం వర్గంతో పెరుగుతుంది. 17 నాట్స్ ఓడను 17.25కి పెంచితే మూడు శాతం పోతుంది. రేవులో మూడు గంటలు ఆలస్యమై, ఆ సమయం రాబట్టడానికి దారంతా వేగం పెంచితే ట్రిమ్‌తో కష్టపడి మిగిల్చిందంతా అక్కడే ఖర్చవుతుంది. 21 నాట్స్‌కి ఎక్కితే పట్టికలో వేరే గడిలోకి వెళతాం, లక్ష్యం కూడా మారుతుంది. అందుకే వాయేజ్ ఆర్డర్లో ట్రిమ్ లక్ష్యం పక్కనే అది ఏ వేగానికి, ఏ డ్రాఫ్ట్‌కి వర్తిస్తుందో రాస్తున్నాం.

ఇదే డిజైన్‌లో కట్టిన మరో ఓడకు ఇదే పట్టిక వాడవచ్చా అని యజమాని అడిగారు. ఆ ఓడకు ఈ మధ్య తక్కువ వేగానికి తగ్గట్టు బల్బ్ మార్చారు. ముందు భాగం మారాక పాత పట్టిక దానికి పనికిరాదు. కొత్త బల్బ్‌తో మళ్లీ లెక్క చేయించి, సముద్రంలో ఇలాగే మూడు దశల పరీక్ష పెట్టేదాకా ఆ ఓడను ఈవెన్ కీల్ దగ్గర ఉంచమని, వెనక ట్యాంకుల్లో వాలు కోసం నీళ్లు నింపవద్దని మాత్రం రాసి పంపాను.